పోయింది పంది... మిగిలింది పగ!

‘పగల సినిమాలు మనకు తక్కువయ్యాయా? అమెరికా పగ కూడా చూడాలా?’ అని నవ్వాడో మిత్రుడు.

నిజమే. సుమోలు గాల్లోకి లేవటం, తొడ కొడితే రైలు వెనక్కి వెళ్ళటం, అన్నీ చూసేసిన కళ్ళు మనవి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’... వరసపెట్టి కత్తులు నూరాం. పగ అనే సరుకులో తెలుగు ప్రేక్షకుడికి ఒకరు పాఠం చెప్పేదేముంది?

నేనూ అలాగే అనుకున్నాను సుమా! అనుకునే ‘హాట్‌ఫీల్డ్స్ అండ్ మెకాయ్స్’ చూడటం మొదలుపెట్టాను. అదీ ఒక్కణ్ణి కాదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, పక్కన మా నాన్నను కూచోబెట్టుకుని. ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు సీరియల్ సంగతి.

ఇది 2012 మే 28, 29, 30 తేదీల్లో మూడు రాత్రులు వరసగా అమెరికాలో హిస్టరీ చానెల్‌లో వచ్చిన మూడు భాగాల కథ. చరిత్ర డాక్యుమెంటరీలు వేసుకునే చానెల్ అది. నటులతో కథ తీయించటం దానికదే మొదలు. అలాంటిదాన్ని మొదటి రాత్రి 1 కోటి 39 లక్షల మంది చూశారు. రెండో రాత్రి 1 కోటి 31 లక్షలు. మూడో రాత్రి తగ్గకపోగా 1 కోటి 43 లక్షలు! మన భాషలో చెప్పాలంటే మొదటి ఆటకన్నా మూడో ఆటకు ఎక్కువ టికెట్లు తెగాయన్నమాట. ఆటల ప్రసారాలు మినహాయిస్తే, ప్రకటనలతో నడిచే కేబుల్ టి.వి.లో అప్పటికది రికార్డు.

దర్శకుడు కెవిన్ రేనాల్డ్స్. హీరో (హీరో అనొచ్చో లేదో మీరే తేల్చుకోండి) కెవిన్ కాస్ట్నర్. ఈ ఇద్దరు కెవిన్లదీ పాత స్నేహం. 1991లో ‘రాబిన్‌హుడ్’, 1995లో ‘వాటర్‌వరల్డ్’ కలిసి చేసినవాళ్ళు. రెండోదాని నిర్మాణంలో ఇద్దరికీ చెడిందన్న కథ హాలీవుడ్‌లో తెలియనివాళ్ళు లేరు. మళ్ళీ కలిసింది ఈ పగల కథ కోసం! అవతలి ఇంటి పెద్దగా బిల్ పాక్స్‌టన్. ‘టైటానిక్’లో సముద్రం అడుగున వజ్రం కోసం వెతికే ఆసామి గుర్తున్నాడా? ఆయనే.

*

కథ జరిగింది కల్పిత లోకంలో కాదు. కెంటకీ, వెస్ట్ వర్జీనియా రాష్ట్రాల మధ్య టగ్ ఫోర్క్ అనే ఏరు. అదే రెండు రాష్ట్రాలకూ సరిహద్దు. ఏటికి అటు వెస్ట్ వర్జీనియా వైపు ఎక్కువగా హాట్‌ఫీల్డులు. ఇటు కెంటకీ వైపు ఎక్కువగా మెకాయ్‌లు. అడవి, కొండలు, మొక్కజొన్న చేలు, దొంగసారా బట్టీలు. అటువాళ్ళకు పెద్ద విలియమ్ ఆండర్సన్ హాట్‌ఫీల్డ్. ఊరంతా ‘డెవిల్ ఆన్స్’ అనేవారు, అంటే దెయ్యం ఆన్స్. మన ఊళ్ళో పులి వెంకయ్య, బండ సుబ్బయ్య అన్నట్టు. ఇటువాళ్ళకు పెద్ద రాండాల్ఫ్ మెకాయ్. సీరియల్లో రాండల్ అంటారు.

మొదటి నెత్తురు పడింది అంతర్యుద్ధం రోజుల్లో. రాండల్ తమ్ముడు ఏసా హార్మన్ ఉత్తరాది సైన్యంలో చేరాడు. ఆ లోయలో ఎక్కువమంది దక్షిణాది పక్షం. అతను కాలు విరిగి ఇంటికొచ్చి ప్రాణభయంతో ఒక గుహలో దాక్కుంటే, 1865 జనవరి 7న కాల్చి చంపారు. మొదట అనుమానం ఆన్స్ మీదికి పోయింది. కానీ అతను అప్పుడు జబ్బుచేసి మంచం మీద ఉన్నాడన్నారు. తర్వాత వేలు అతని మేనమామ జిమ్ వాన్స్ వైపు తిరిగింది. శిక్షపడింది మాత్రం ఎవరికీ లేదు.

ఇక్కడినుంచి సీరియల్ ఒక సినిమా లెక్క వేసింది. ఆన్స్, రాండల్ ఇద్దరూ యుద్ధంలో భుజం భుజం కలిపి పోరాడిన స్నేహితులనీ, ఆన్స్ మధ్యలో సైన్యం వదిలేసి ఇంటికొచ్చేశాడనీ, రాండల్ శత్రువుల జైల్లో మగ్గి ఎముకల గూడై తిరిగొచ్చాడనీ. చరిత్రలో ఆన్స్ సైన్యం నుంచి వచ్చేసిన మాట నిజమే. స్నేహం మాత్రం కలిపిన పులుసు. నాకు దీనిమీద పెద్ద అభ్యంతరం లేదు. ఎందుకంటే పాక్స్‌టన్ జైలునుంచి వచ్చి, పెళ్ళాం పిల్లలతో నిండుగా ఉన్న ఆన్స్ ఇంటిని చూసే చూపు... డైలాగు అక్కర్లేదు. ‘నేను మాట మీద నిలబడి నాశనమయ్యాను, నువ్వు మాట తప్పి బాగుపడ్డావు’ అని ఆ చూపే చెప్తుంది.

తర్వాత వచ్చేదే పంది.

నవ్వకండి. 1878లో జరిగిన వ్యవహారం. ఆ కొండల్లో పందుల్ని అడవిలోకి వదిలేసేవారు. ఎవరి పందో తెలియటానికి చెవికి గాట్లు పెట్టేవారు, మన దగ్గర గొర్రెల చెవులకు పెట్టినట్టే. ఫ్లాయిడ్ హాట్‌ఫీల్డ్ దొడ్లో ఉన్న పంది తనదని రాండల్ మెకాయ్ పట్టుబట్టాడు. గాట్లు చూడమన్నాడు. కేసు పెట్టారు. తీర్పు చెప్పాల్సిన జడ్జి కూడా ఒక హాట్‌ఫీల్డే! ‘ప్రీచర్ ఆన్స్’ అని ఇంకో ఆన్స్. పాపం ఆయన ధర్మంగానే పోదామనుకుని, జ్యూరీలో ఆరుగురు హాట్‌ఫీల్డుల్నీ, ఆరుగురు మెకాయ్‌లనీ వేశాడు.

ఇక్కడ మా నాన్న ఆపమన్నాడు.

‘ఆరుగురూ ఆరుగురూ అయితే తీర్పెట్టా వస్తదిరా?’

‘వచ్చింది నాన్నా. మెకాయ్‌లలో ఒకడు అటు తిరిగాడు. సెల్కిర్క్ మెకాయ్ అని.’

నాన్న కాసేపు తెరకేసి చూశాడు. ‘వాడు హాట్‌ఫీల్డుల దగ్గర కూలికి పోతన్నాడేమో చూడు’ అన్నాడు.

నాకు మతిపోయింది. మా నాన్నకు ఇంగ్లీషు రాదు. ఆ దేశం ఎక్కడుందో కూడా పట్టింపు లేదు. కానీ చరిత్రకారులు పాత దస్తావేజులు తిరగేసి తేల్చిన సంగతి సరిగ్గా అదే! సెల్కిర్క్, అతని కొడుకులు డెవిల్ ఆన్స్ కలప పనిలో కూలి చేసేవాళ్ళు. అన్నం పెట్టేవాడికి ఎదురు ఓటు ఎవడు వేస్తాడు?

నాన్నకు ఎలా తెలిసిందంటారా? మా ఇంట్లోనూ ఓ పంది ఉంది లెండి. పంది అంటే పంది కాదు, వేపచెట్టు. మా చేనుకూ పెదనాన్న చేనుకూ నడుమ గట్టుమీద ఉండేది. తాతనాటి చెట్టు. పదకొండేళ్ళ కిందట పెదనాన్న దాన్ని కొట్టించి అమ్మాడు. గట్టు తనదన్నాడు. కాదు ఉమ్మడిదన్నాడు నాన్న. ఊళ్ళో పంచాయతీ చేస్తే పెద్దమనుషుల్లో ఒకాయన పెదనాన్న ట్రాక్టరు అద్దెకు తీసుకునే మనిషి. తీర్పు ఎటు వచ్చిందో చెప్పక్కర్లేదు. తర్వాత కోర్టు. చెట్టు ఖరీదుకు పదిరెట్లు ప్లీడరు ఫీజులకూ బస్సు చార్జీలకూ పోయింది. అన్నదమ్ములిద్దరికీ ఈనాటికీ మాటల్లేవు. నా చెల్లెలి పెళ్ళికి పెదనాన్న రాలేదు. పెద్దమ్మ మాత్రం దొడ్డిదారిన వచ్చి అక్షింతలు వేసి వెళ్ళింది.

*

మళ్ళీ టగ్ ఏటి ఒడ్డుకు పోదాం.

పంది కేసులో హాట్‌ఫీల్డుల తరఫున సాక్ష్యం చెప్పిన బిల్ స్టేటన్‌ను 1880లో మెకాయ్ కుర్రాళ్ళిద్దరు చంపారు. ఆత్మరక్షణ అని కోర్టు వదిలేసింది. అదే ఏడు ఎన్నికల రోజున ఆన్స్ కొడుకు జాన్సీ, రాండల్ కూతురు రోజానా ఒకర్నొకరు చూసుకున్నారు. ఇంకేం, సినిమా వాళ్ళకు పండగే! ఏటికి అటొకరూ ఇటొకరూ, రెండిళ్ళ నడుమ నెత్తురు. 1949లోనే శామ్యూల్ గోల్డ్‌విన్ ‘రోజానా మెకాయ్’ అని ఈ ప్రేమకథనొక్కదాన్నే సినిమాగా తీశాడు.

అసలు జరిగింది అంత తియ్యగా లేదు. ఆ పిల్ల ఇల్లు వదిలి హాట్‌ఫీల్డుల ఇంటికెళ్ళింది. వాళ్ళు పెళ్ళికి ఒప్పుకోలేదు. తిరిగొస్తే తండ్రి మొహం చూడలేదు. మేనత్త ఇంట తలదాచుకుంది. ఓ రాత్రి జాన్సీని మెకాయ్‌లు పట్టుకుపోతుంటే, గుర్రమెక్కి చీకట్లో ఏరు దాటి పోయి ఆన్స్‌కు కబురు చెప్పి ప్రియుణ్ణి బతికించింది. అంటే పుట్టింటికి ద్రోహం చేసింది. ఆ బతికిన పెద్దమనిషి ఏం చేశాడంటారు? గర్భవతిగా ఉన్న ఆమెను వదిలేసి, 1881లో ఆమె పినతండ్రి కూతురు నాన్సీ మెకాయ్‌ను పెళ్ళాడాడు! చచ్చిపోయిన ఏసా హార్మన్ కూతురే ఈ నాన్సీ. రోజానా కన్న బిడ్డ దక్కలేదు. ఆమె కూడా ముప్ఫై ఏళ్ళు నిండకుండానే పోయింది.

సీరియల్లో ఈ పాత్ర లిండ్సే పల్సిఫర్ వేసింది. బాగానే వేసింది. నా ఫిర్యాదల్లా రాసినవాళ్ళమీద. చీకట్లో ఏరు దాటే ఆడపిల్ల కథలో అసలైన సాహసం ఆమెదే కదా! కానీ కెమెరా ఎప్పుడూ జాన్సీ అందమైన మొహం మీదా, మగాళ్ళ గడ్డాల మీదా తిరుగుతుంటుంది. గడ్డాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మొదటి గంటలో ఎవరు ఏ ఇంటివాళ్ళో పోల్చుకోవటం బ్రహ్మతరం కాదు. అందరికీ గడ్డాలే, అందరికీ టోపీలే, అందరి చేతుల్లో తుపాకులే. మా నాన్న ఓ ఉపాయం కనిపెట్టాడు. ‘ఏడుపుమొహం వాళ్ళు మెకాయ్‌లు, పొగ తాగేవాళ్ళు హాట్‌ఫీల్డులు’ అని. ముప్పాతిక వంతు పనిచేసింది.

టామ్ బెరెంజర్ వేసిన జిమ్ వాన్స్‌ను మాత్రం పోల్చుకోనక్కర్లేదు. వస్తూనే ‘నేనొచ్చాను’ అన్నట్టుంటాడు. చంపటం అతనికి పొలం పనిలాంటిది. కోపం ఉండదు, విసుగు ఉంటుంది. ‘ప్లటూన్’లో భయపెట్టిన బెరెంజర్‌ను గుర్తుపట్టటానికి నాకు అరగంట పట్టింది. ఎమ్మీ అవార్డుల్లో ఉత్తమ సహాయ నటుడి బహుమతి అతనికే వచ్చింది. సీరియల్‌కు మొత్తం 16 నామినేషన్లు, 5 బహుమతులు. ఉత్తమ నటుడి పోటీలో కాస్ట్నర్, పాక్స్‌టన్ ఇద్దరూ నిలబడ్డారు, తెరమీద చాలదన్నట్టు! బహుమతి కాస్ట్నర్‌కు పోయింది. నన్నడిగితే పాక్స్‌టన్‌కు ఇచ్చేవాణ్ణి. కాస్ట్నర్ పైపు పట్టుకుని నింపాదిగా కూచుంటే చాలు, పెద్దమనిషి ఠీవి వచ్చేస్తుంది. అతనికది వెన్నతో పెట్టిన విద్య. పాక్స్‌టన్ పని కష్టం. న్యాయం తనవైపే ఉన్నా చూసేవాళ్ళకు అతని మీద జాలి పుట్టదు. దేవుణ్ణి నమ్మీ నమ్మీ, న్యాయాన్ని అడిగీ అడిగీ, చివరికి దేవుడిమీదే అలిగే మనిషి. మంచివాడిలా ఉంటూనే ఇంట్లోవాళ్ళ ప్రాణాలు తోడేసే తండ్రుల్ని మనం చూడలేదూ? అలాంటివాడు. 2017 ఫిబ్రవరిలో పాక్స్‌టన్ చనిపోయాడు. అదే ఏడు మే నెలలో, ఇందులో ఆన్స్ అన్న వాల్ హాట్‌ఫీల్డ్‌గా వేసిన పవర్స్ బూత్ కూడా పోయాడు.

*

రెండో రాత్రి మా అమ్మ కూడా వచ్చి గుమ్మం దగ్గర కూచుంది, బియ్యంలో రాళ్ళేరుకుంటూ. చూడనట్టే చూస్తోంది.

1882 ఆగస్టు. మళ్ళీ ఎన్నికల రోజు. (ఆ రోజుల్లో అక్కడ ఎన్నికలంటే తిరునాళ్ళే. సారా పీపాలు, ఫిడేళ్ళు, పేకాట. ఓటు చివరి సంగతి.) మాటామాటా పెరిగి రాండల్ కొడుకులు ముగ్గురు, టాల్బర్ట్, ఫార్మర్, బడ్, ఆన్స్ తమ్ముడు ఎలిసన్‌ను కత్తులతో ఇరవై ఆరు పోట్లు పొడిచి, ఆపైన తుపాకీతో కాల్చారు. ఆన్స్ ఆ ముగ్గుర్నీ పట్టుకుని ఏటికి అవతల పాడుబడ్డ బడిలో కట్టేసి ఉంచాడు. తమ్ముడు బతికితే వదిలేస్తాను, పోతే చూస్తాను అన్నాడు.

తల్లి శాలీ వచ్చి బతిమాలింది. ఈ పాత్ర మేర్ విన్నింగ్‌హామ్‌ది. ప్రాణాలతో కెంటకీ గట్టుకు చేరుస్తానని ఆన్స్ ఆ తల్లికి మాట ఇచ్చాడని చెబుతారు. మూడోరోజు ఎలిసన్ పోయాడు. ఆన్స్ మాట తప్పలేదు! ముగ్గుర్నీ ప్రాణాలతోనే ఏరు దాటించి, కెంటకీ గట్టుమీద పాపా చెట్లకు కట్టి, యాభైకి పైగా గుళ్ళు కురిపించారు. మాట నిలబెట్టుకోవటంలో కూడా ఎంత దుర్మార్గం ఉండొచ్చో చూడండి.

ఆ సీను నడుస్తుంటే రాళ్ళేరే చప్పుడు ఆగిపోయింది. ‘ఆపండి, అన్నాలు తిందురుగాని’ అంది అమ్మ. అప్పటికి టైము ఏడున్నర కూడా కాలేదు.

నాన్న లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు. పెదనాన్న ఇల్లు మా వాకిట్లోంచి కనిపిస్తుంది. ఆ ఇంటికీ ముగ్గురు కొడుకులే. చిన్నప్పుడు వాళ్ళతో కలిసి నేను ఆ వేపచెట్టెక్కి కాకిగూళ్ళు చూసేవాణ్ణి.

తర్వాత కథ వేగంగా దొర్లుతుంది. 1888 కొత్త సంవత్సరం రోజు రాత్రి హాట్‌ఫీల్డులు రాండల్ ఇల్లు చుట్టుముట్టి నిప్పంటించారు. కొడుకు కాల్విన్, కూతురు అలిఫేర్ తూటాలకు పోయారు. శాలీని తుపాకీ మడమతో కొట్టి మంచులో పడేశారు. రాండల్ చీకట్లో తప్పించుకున్నాడు. అప్పుడు కదిలింది రాష్ట్రం. ఫ్రాంక్ ఫిలిప్స్ అనే కిరాయి షరీఫు సరిహద్దు దాటి పోయి, జిమ్ వాన్స్‌ను చంపి, హాట్‌ఫీల్డుల్ని పట్టుకొచ్చాడు. ఇంకో రాష్ట్రంలోకి చొరబడి మనుషుల్ని ఎత్తుకొస్తే ఆ కేసు చెల్లుతుందా అని వెస్ట్ వర్జీనియా సుప్రీంకోర్టుకెక్కింది. 1888లోనే కోర్టు తేల్చింది: ఎలా తెచ్చినా, తెచ్చాక విచారణ చెయ్యొచ్చని. ఇక్కడో కొసమెరుపు. జాన్సీని వదిలేసిన నాన్సీ మెకాయ్ ఆ ఫ్రాంక్ ఫిలిప్స్‌నే పెళ్ళాడింది! కల్పించి రాస్తే ‘మరీ సినిమాలా ఉంది’ అంటారు.

ఉరిశిక్ష పడింది ఒక్కడికి. ఎలిసన్ మౌంట్స్. ‘కాటన్ టాప్’ అనేవారు. బుద్ధిమాంద్యం ఉన్న కుర్రాడు. కత్తిపోట్లకు చచ్చిపోయిన ఎలిసన్ హాట్‌ఫీల్డ్ అక్రమ సంతానం అంటారు. పెద్దలు చెయ్యమన్నది చేశాడు. మిగిలినవాళ్ళకు యావజ్జీవం, అతనికి తాడు. 1890 ఫిబ్రవరి 18న పైక్‌విల్‌లో, వేలమంది చూస్తుండగా. నోయెల్ ఫిషర్ అనే కుర్రనటుడు ఈ వేషం వేశాడు. మూడు రాత్రుల సీరియల్లో నాకు కళ్ళనీళ్ళు తిరిగింది ఇతని దగ్గరే. చట్టాన్ని నమ్మి తనంతట తానే లొంగిపోయిన వాల్ హాట్‌ఫీల్డ్ జైల్లోనే పోయాడు. డెవిల్ ఆన్స్ మీద మాత్రం ఈగ వాలలేదు.

*

ఇప్పుడు నా అసలు తగాదా.

ఇంత రక్తం ఒక పంది కోసమా? ఒక ప్రేమ కోసమా? అమెరికా పత్రికలు ఆ రోజుల్లోనే అలా రాశాయి. కొండజనం, చదువులేని మొరటుజనం, వాళ్ళకు చంపుకోవటమే తెలుసు అని. 1988లో ఆల్టినా వాలర్ అనే చరిత్రకారిణి ఓ పుస్తకం రాసింది. పేరు ‘ఫ్యూడ్’, అంటే పగే. కోర్టు కాగితాలూ భూమి పత్రాలూ వెతికి ఆమె పెట్టిన వేలు వేరేచోట ఉంది. అక్కడ పెర్రీ క్లైన్ అని ఒకడు. తండ్రి వదిలిపోయిన 5,000 ఎకరాల అడవి ఉండేది. కలప కొట్టుకున్నాడని ఆన్స్ అతనిమీద దావా వేసి, చివరికి ఆ 5,000 ఎకరాలూ రాయించుకున్నాడు. క్లైన్ పైక్‌విల్ పోయి ప్లీడరయ్యాడు. తెలివి పెరిగింది, పలుకుబడి పెరిగింది, కడుపుమంట చల్లారలేదు. ముగ్గురు కుర్రాళ్ళ హత్య జరిగి అయిదేళ్ళు గడిచి, అందరూ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక, 1887లో గవర్నరు దగ్గరికి పోయి పాత వారెంట్లు తిరగతోడించింది ఈ క్లైనే! ఎందుకు అప్పుడే? ఆ లోయలోకి రైలు వస్తోంది. బొగ్గు బయటపడుతోంది. నిన్నటిదాకా పందులు తిరిగిన కొండకు రేపు ధర పలుకుతుంది.

ఈ క్లైన్ సీరియల్లో లేడా అంటే ఉన్నాడు. భూమి మాటా వస్తుంది. కానీ ఒక జిత్తులమారి ప్లీడరుగా వచ్చి పోతాడు. కాగితం మీద సంతకం పెట్టి 5,000 ఎకరాలు లాక్కోవటాన్ని కెమెరా చూపించలేదా? చూపించొచ్చు. చప్పగా ఉంటుందని భయం. గుర్రాలు పరిగెత్తాలి, ఇల్లు తగలబడాలి. మన ఫ్యాక్షన్ సినిమాలకూ ఇదే జబ్బు. కాంట్రాక్టులు, నీళ్ళు, గనులు, ఎన్నికల టికెట్లు వదిలేసి మీసం మీదే కథ నడిపేస్తాం. మీసానికి ఫైటు మాస్టరు చాలు, దస్తావేజుకు రచయిత కావాలి మరి!

ఇంకో చిన్న దెప్పు. ఈ సీరియల్ అక్కడి కొండల్లో తియ్యలేదు. రుమేనియాలో తీశారు. అక్కడ ఖర్చు తక్కువ, అడవులకు కొదవ లేదు. కొండలు బాగానే ఉన్నాయి. బురద ఇంకా బాగుంది. కానీ తెర మొత్తాన్నీ బూడిదరంగులో ముంచేశారు. ఎండాకాలం ఎన్నికల రోజు కూడా వానపడి వెలిసినట్టుంటుంది. పాతకాలంలో సూర్యుడు పుట్టలేదా అని అడగాలనిపించింది.

*

మనవాళ్ళకు ఈ కథతో చుట్టరికం లేదనుకుంటున్నారేమో. ఉంది. మీరు చూసి, పకపకా నవ్వి కూడా ఉంటారు.

1923లో బస్టర్ కీటన్ అనే మహానుభావుడు ఈ హాట్‌ఫీల్డ్, మెకాయ్‌ల పగనే తీసుకుని, పేర్లను కాన్‌ఫీల్డ్, మెకే అని మార్చి ‘అవర్ హాస్పిటాలిటీ’ అనే మూకీ హాస్యచిత్రం తీశాడు. శత్రువు కొడుకు తెలియక తమ ఇంటికే అతిథిగా వస్తాడు. ఇంట్లో ఉన్నంతసేపూ చంపకూడదు, మర్యాద కాదు. గడప దాటితే చంపెయ్యాలి. వాడు గడప దాటడు! ఎక్కడో విన్నట్టుందా? 2010లో ‘మగధీర’ తర్వాత రాజమౌళి, సునీల్‌ను హీరోగా పెట్టి తీసిన ‘మర్యాద రామన్న’ ఆ మూకీ చలవే. నాగినీడు కత్తి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు హాల్లో ఎంత నవ్వు! అంటే టగ్ ఏటి గట్టుమీద పారిన నెత్తురు, హాలీవుడ్ మూకీలో నవ్వై, రాయలసీమ ఇంట్లో మన సునీల్ చెమటై కారిందన్నమాట. అది మళ్ళీ హిందీకి ‘సన్ ఆఫ్ సర్దార్’గా పోయింది, సరిగ్గా ఈ సీరియల్ వచ్చిన 2012లోనే.

హాట్‌ఫీల్డులు, మెకాయ్‌ల వారసులు కూడా తర్వాత నవ్వటం నేర్చుకున్నారు. 1979లో ‘ఫ్యామిలీ ఫ్యూడ్’ అనే టి.వి. ఆటలో రెండు కుటుంబాలూ ఎదురెదురుగా నిలబడి ప్రశ్నలకు జవాబులు చెప్పాయి. స్టేజీ మీద బతికున్న పందిని కూడా ఉంచారు! 2003లో పైక్‌విల్‌లో ఇరువైపుల వారసులూ కలిసి సంధిపత్రం మీద సంతకాలు పెట్టారు. పంది కేసు నుంచి లెక్కేస్తే 125 ఏళ్ళు.

మూడో రాత్రి నాన్న చూడనన్నాడు. నేనొక్కణ్ణే చూశాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూ అడిగాడు.

‘ఆ ముసలాళ్ళిద్దరిలో ఎవరు ముందు పోయార్రా?’

‘రాండల్. 1914లో. ఒళ్ళు కాలి పోయాడు. ఆన్స్ 1921లో. పోయేముందు పదేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్నాడు. ఇటలీ పాలరాయితో నిలువెత్తు విగ్రహం పెట్టారు సమాధి మీద.’

‘ఏడేళ్ళు తేడా’ అన్నాడు. వేళ్ళమీద ఏదో లెక్క వేసుకున్నాడు. పెదనాన్న నాన్నకన్నా ఆరేళ్ళు పెద్ద.

పుల్ల పారేసి, నోరు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకున్నాక మళ్ళీ అడిగాడు.

‘ఆ పంది ఏమయిందిరా ఇంతకీ?’

‘ఫ్లాయిడ్ దగ్గరే ఉండిపోయింది. తీర్పు అతనికేగా వచ్చింది.’

‘ఆ యేడే కోసుకు తినుంటారు’ అన్నాడు నాన్న.

వేపచెట్టు కేసు వాయిదా వచ్చే నెల పన్నెండున. ఈసారి నేను కూడా వెంట వస్తానన్నాను. ‘నువ్వెందుకు, చార్జీలు దండగ’ అన్నాడు. ఆ బస్సులోనే పెదనాన్న కూడా ఎక్కుతాడు. మా ఊరికి పొద్దున ఒక్కటే బస్సు.